ఏ చక్రమో తెలియని రొద

నాకు ఎడమ చెవి వినపడదు. చిన్నప్పుడు గవదబిళ్ళలు వచ్చి తగ్గాయి గాని, పోతూ పోతూ ఆ చెవిని తీసుకుపోయాయి. కుడి చెవి బాగానే పనిచేస్తుంది. ఒక్క చెవితో బతికేవాళ్ళకు శబ్దాలన్నీ వినపడతాయి, ఎటునుంచి వస్తున్నాయో మాత్రం తెలియదు. వీధిలో ఎవరైనా పిలిస్తే నేను నాలుగు దిక్కులా తిరిగి చూస్తాను. ఇంట్లో ఫోన్ మోగితే గదులన్నీ గాలిస్తాను. మా ఆవిడ ఇది చూసి నవ్వేది, నేనూ నవ్వేవాణ్ణి. మా కారు చక్రంలో రొద మొదలయ్యేదాకా ఈ లోపం నన్ను ఎప్పుడూ భయపెట్టలేదు.

అల్లూరులో రొయ్యల గుంటల నీళ్ళు పరీక్షించే చిన్న ల్యాబ్ నడుపుతాను. మా ఆవిడ సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్ళో ప్రభుత్వ ఉపకేంద్రంలో నర్సు. కాపురం ఆ ఊళ్ళోనే. రోజూ పొద్దున్నే కారు తీసుకుని గుంటల గట్ల వెంట తిరిగి, సీసాల్లో నీళ్ళు పట్టుకుని అల్లూరు వెళ్తాను. కారు నేను కొనేనాటికే పాతది. దాని పనులన్నీ నేనే చేసుకుంటాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఫోన్లో వీడియోలు చూసి, విప్పి, మళ్ళీ బిగించి, చేతులు కోసుకుని నేర్చుకున్నదే. ఆదివారం సాయంత్రం పెరట్లో రేకుల పాక కింద జాకీ వేసుకుని కూర్చుంటే నాకు వేరే లోకం అక్కర్లేదు.

మా వైపు బళ్ళకు ఉప్పు శత్రువు. రొయ్యల లోడు వేసుకున్న బళ్ళు దారిపొడుగునా ఉప్పునీళ్ళు కారుస్తూ పోతాయి. గట్ల మీద మట్టి కూడా ఉప్పే. పైనుంచి చూస్తే బండి తళతళలాడుతూ ఉంటుంది, కింద పడుకుని చూస్తే తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంటుంది.

ఆ ఏడు కార్తీకంలో వానలు ఆగకుండా కురిశాయి. మా ఊరికీ అల్లూరికీ మధ్య ఒక చప్టా ఉంది. కాలువ పొంగితే నీళ్ళు దాని మీదుగా పారతాయి. చాలా రోజులు నేను ఆ నీళ్ళలోంచే బండి దాటించాను. మొదటి శబ్దం ఆ రోజుల్లోనే వచ్చింది. సన్నగా, పళ్ళు పులిసిపోయేలా కీచుమని. బ్రేకు తొక్కితే ఆగుతుంది, వదిలితే మళ్ళీ వస్తుంది.

మా ఆవిడ పక్కసీట్లో ఉంది. అంటే నా ఎడమవైపు, వినపడని వైపు. కార్లో ఆమె నాతో ఏం చెప్పాలన్నా ముందు నా చేతి మీద తట్టి, తర్వాత గొంతు పెంచుతుంది.

"ఏందో కీచుమంటా ఉండాది. వింటా ఉండారా?" అంది.

"వింటా ఉండా. యాడినుంచి?"

"నా కాళ్ళ కాడినుంచి. ముందు చక్రం."

ఆ ఆదివారమే విప్పాను. బ్రేకు ప్యాడ్లు అరిగి పలచబడ్డాయి. అవి అరిగిపోయినప్పుడు హెచ్చరించడానికి చిన్న రేకు ముక్క ఒకటి ఉంటుంది, అది డిస్క్‌కు రాసుకుని కీచుమంటుంది. రెండువైపులా కొత్త ప్యాడ్లు వేశాను. కీచు పోయింది. నా అంత పనిమంతుడు జిల్లాలో లేడన్నట్టు ఆ రాత్రి భోజనం దగ్గర తెగ మాట్లాడాను.

వారం తిరక్కముందే రెండోది వచ్చింది. ఇది కీచు కాదు. దూరంగా ఎక్కడో పిండిమర ఆడుతున్నట్టు లోతుగా, ఆగకుండా ఒక రొద. వేగం పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. బ్రేకు తొక్కినా మారదు. క్లచ్ నొక్కి బండిని వదిలేసినా మారదు. అంటే ఇంజను కాదు, గేర్లు కాదు, బ్రేకూ కాదు. తిరిగేదేదో రొద చేస్తోంది. ఏది?

ముందుగా సీసాల పెట్టె దింపేశాను. స్టెప్నీ దింపాను. సీట్ల కింద చేయి పెట్టి వెతికాను. ఖాళీ బండి తోలినా రొద ఉంది. మా ఆవిడను ఎక్కించుకుని తోలాను.

"వినపడతా ఉందా?"

ఆమె కాసేపు కళ్ళు మూసుకుంది. "బండన్నాక ఆ మాత్రం చప్పుడు రాదా? నాకు కొత్తగా ఏం వినపళ్ళా."

 కీచును నాకంటే ముందు పట్టిన మనిషి. దీన్ని ఎందుకు పట్టలేదు?

కావలిలో ఒక షెడ్డుకు తీసుకెళ్ళాను. నాకది తలవంపే అయినా వెళ్ళాను. ఆ మెకానిక్ బండెక్కి ఊరవతలిదాకా తోలి వచ్చాడు. ఊళ్ళో ఆటోల మోత, లారీల హారన్లు. "నాకేం వినపళ్ళేదు సార్. టైర్లు ఎగుడుదిగుడుగా అరిగినాయి. ఆ చప్పుడే అయ్యుంటది. ముందువి వెనక్కి మార్చి చూడండి" అన్నాడు. అది తప్పుమాట కాదు, టైర్లు నిజంగానే అరిగాయి. ఇంటికొచ్చి మార్చాను. టైరు శబ్దమే అయితే రొద టైరుతో పాటు వెనక్కి పోవాలి. పోయిందో లేదో నాకెలా తెలుస్తుంది? ముందునుంచి వచ్చినా వెనకనుంచి వచ్చినా నాకు ఒకటే.

ఒకరోజు సాయంత్రం ఒక గుంట గట్టు మీద బండి ఆపి ఇంజను కట్టేశాను. రొద ఆగలేదు.

స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. బండి కదలడం లేదు, చక్రం తిరగడం లేదు. రొద వస్తూనే ఉంది.  కిందికి దిగాను. చుట్టూ గుంటల్లో నీళ్ళు చిమ్మే యంత్రాలు తిరుగుతున్నాయి. రొయ్యలకు గాలి అందాలని రాత్రీ పగలూ తిప్పుతూనే ఉంటారు. వాటి వెనక సముద్రం. ఆ హోరంతా కలిసి నా చెవిలో పడుతోందేమో అనుకున్నాను. అయినా నమ్మకం కుదరలేదు. కుడి చెవిలో వేలు పెట్టి గట్టిగా మూశాను. యంత్రాలు ఆగిపోయాయి, సముద్రం ఆగిపోయింది. సన్నటి రొద ఒకటి మాత్రం లోపల మిగిలింది.

అప్పుడు పుట్టిన భయం ఎలాంటిదో చెప్పడం కష్టం. చక్రం పాడైతే కొత్తది వస్తుంది. చెవికి కొత్తది లేదు. నాకున్నదే ఒకటి. ఎడమ చెవి పోయేముందు కూడా ఇలాగే హోరుమందని అమ్మ చెప్పేది. ఇది కూడా పోతే? గుంట రైతు ఫోన్ చేస్తే ఏం వింటాను? మా ఆవిడ గొంతు? ఇంట్లో ఆమె వంట చేసుకుంటూ తనలో తాను ఏదో అనుకుంటూ ఉంటుంది. అది నాకోసం అనే మాట కాదు, అయినా నేను వింటూ ఉంటాను.

ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందనిపించింది. బండి తోలుతూ రొద వింటే చెవి అనుకుని భయం. ఇంట్లో పడుకుని వింటే కూడా చెవేనని భయం. ఒక్కోరోజు వినపడకపోతే, అది ఆగిందా లేక నాకే వినపడడం ఆగిందా అని ఇంకో భయం. గాజు గ్లాసును చెంచాతో కొట్టి చూసుకునేవాణ్ణి. అన్నం ముందు కూర్చుని మధ్యలో ఆగిపోయేవాణ్ణి.

మా ఆవిడ ఊరుకునే మనిషి కాదు. ఒక ఆదివారం పాకలోకొచ్చి నా ఎదురుగా స్టూలేసుకుని కూర్చుంది.

"ఏమైంది మీకు? పిలిస్తే ఉలిక్కిపడతా ఉండారు. ఆ గ్లాసు మోగించడమేంది? నేను చూడలేదనుకున్నారా?"

చెప్పేశాను. రొద బండిలోదో నాలోదో తెలియడం లేదని, గట్టు మీద చెవి మూసుకున్నా లోపల సన్నగా వినపడిందని, బండిలోదైతే నీకెందుకు వినపడలేదని.

ఆమె నవ్వలేదు. నా కుడి చెవి పట్టుకుని టార్చి వేసి చూసింది. లోపలికి వెళ్ళి తన స్టెతస్కోపు తెచ్చింది.

"బండిని ఎత్తండి. ఒక్కో చక్రం తిప్పండి. నేను వింటా. తరవాత మీరు ఇనండి. ఇద్దరికీ వినపడితే బండిది. మీకొక్కరికే అయితే పొద్దున్నే నెల్లూరు పోదాం."

ఇంత తేలికైన ఉపాయం నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు. భయపడ్డ మనిషికి చేతిలో ఉన్నది కూడా కనిపించదేమో.

కుడి ముందు చక్రం నేల మీంచి లేపి గేరు న్యూట్రల్లో పెట్టాను. చక్రం వెనక, బేరింగు కూర్చునే దిమ్మకు ఆమె స్టెతస్కోపు బిళ్ళ ఆనించింది. నేను చేత్తో చక్రం తిప్పాను. "మెత్తగా ఉండాది. కుట్టు మిషను తిరిగినట్టు" అంది. వెనకవి రెండూ చూశాం, అవీ అంతే. ఎడమ ముందు చక్రం దగ్గర బిళ్ళ పెట్టి, నేను తిప్పగానే ఆమె ముఖం మారింది.

"ఆపండి. మళ్ళీ తిప్పండి." మళ్ళీ తిప్పాను. "ఇసకలో నడిచినట్టుండాది. చెప్పులేసుకుని గరగరా పోతారు చూడండి, అట్టా." గొట్టాలు తీసి నాకిచ్చింది.

గొట్టం రెండు చెవుల్లో పెట్టినా నాకు వినపడేది ఒక్కదాంట్లోనే. అది చాలు. చక్రం మెల్లగా తిరుగుతోంది. గర, గర, గర. నడుమ ఒకచోట గులకరాయి నలిగినట్టు టక్కుమంటోంది. నేను వారాల తరబడి విన్న రొదే, దగ్గరగా వచ్చి కూర్చుంది. కళ్ళు తుడుచుకుంటే గ్రీజు అంటింది.

చక్రం పైనా కిందా పట్టుకుని ఊపి చూశాను. ఊగింది. ఊగకూడదు. చప్టా నీళ్ళు సీలు దాటి బేరింగులోకి పోయి ఉంటాయి, పైగా ఉప్పు. పక్కసీట్లో ఎప్పుడూ ఆ చక్రం మీదే కూర్చునే మా ఆవిడకు రోజూ కొంచెం కొంచెంగా పెరిగిన శబ్దం పాతదిగానే అనిపించింది. నేను దాని కోసమే వింటూ తిరిగాను కాబట్టి నాకు కొత్తగా తగిలింది.

చెవిది కాదని తెలిశాక ఒక పూట హాయిగా గడిచింది. తర్వాత అసలు భయం మొదలైంది. ఆ బేరింగు చెడితే చక్రం పట్టు తప్పుతుంది. నేను ఆ చక్రం మీదే మా ఆవిడను కూర్చోబెట్టుకుని ఇన్నాళ్ళు తిప్పాను. కొత్త బేరింగుకు నెల్లూరులో చెప్పాను. ఆ పాత మోడలుది మద్రాసు నుంచి రావాలన్నారు. వచ్చేదాకా బండి బయటికి తియ్యకూడదనుకున్నాం. నేను మోటారు సైకిలు మీద సీసాలు మోసుకున్నాను.

బండి పాకలో ఉన్న ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం మా పక్కింటాయన వానలో తడుస్తూ మా వాకిట్లోకి పరిగెత్తుకొచ్చాడు. ఆయనదీ ఆయన భార్యదీ వ్యవసాయం, రెండు గేదెలున్నాయి. మాకు పాలు పోసేది ఆమే. ఆమెను మేము అక్కా అంటాం.

"నర్సమ్మా! గట్టు మీద గడ్డి కోస్తా ఉంటే పాము కరిచింది. పింజరి. నేను చూసినా. లావుగా ఉండాది" అన్నాడు. రొప్పుతున్నాడు.

మా ఆవిడ సంచి తీసుకుని పరిగెత్తింది. అక్కను వాళ్ళ అరుగు మీద పడుకోబెట్టారు. మడమ పైన రెండు గాట్లు, అప్పటికే పాదం వాచి నిగనిగలాడుతోంది. ఎవరో బ్లేడు తెచ్చారు, ఎవరో మంత్రం వేసేవాయన కోసం పోదామంటున్నారు. "ఎవురూ కొయ్యొద్దు, కట్టొద్దు. అక్కా, నువ్వు కదలమాక. కాలు అసలు కదపమాక" అంది మా ఆవిడ. ఒక చెక్కపేడు పెట్టి కాలును కదలకుండా గుడ్డతో చుట్టింది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే, బండి ఇంకో కేసు మీద కావలి పోయిందని, రావడానికి చాలా సేపు పడుతుందని చెప్పారు. ఊళ్ళో ఉన్న ఆటో చప్టా నీళ్ళలో ఇంజను తడిసి పొద్దుననగా ఆగిపోయింది.

మా ఆవిడ నా వైపు తిరిగింది. నా కుడివైపుకు వచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"బండి పోతదా?"

 అక్క చిగుళ్ళ నుంచి నెత్తురు కారుతోంది.

"పోతది. మెల్లగా పోతది" అన్నాను. 

వెనకసీట్లో అక్కను పడుకోబెట్టాం. తల మా ఆవిడ ఒళ్ళో ఉంది. వాళ్ళాయన ముందుసీట్లో, సరిగ్గా ఆ చక్రం మీద కూర్చున్నాడు. ఊరు దాటేలోపే రొద లేచింది. ఇన్నాళ్ళూ పిండిమర అన్నాను. ఆ రోజు రాతి మిల్లు. స్టీరింగ్ చేతుల్లో వణికింది.

ఆయన ఏదో అన్నాడు. నా వినపడని వైపు. నాకు పెదాలు కదలడం మాత్రం కనిపించింది. వెనకనుంచి మా ఆవిడ గట్టిగా చెప్పింది. "ఈ చప్పుడేందని అడగతా ఉండాడు. అన్నా, ఆయన్ని మాట్లాడించమాకు. ఏమండీ, మీరు రోడ్డు చూడండి. చక్రం సంగతి నేను వింటా. శబ్దం మారితే నేను చెప్తా."

మారితే ఏం చేస్తానో మా ఇద్దరికీ తెలియదు. అయినా ఆ మాట పట్టుకుని తోలాను.

వేగంగా పోతే చక్రం ఊడుతుంది, మెల్లగా పోతే విషం ఎక్కుతుంది. ఈ రెండింటి మధ్య ఎంత వేగం సరైనదో చెప్పే వీడియో ఎక్కడా ఉండదు. కుడికి తిరిగే ప్రతి మలుపులోనూ బరువంతా ఎడమ చక్రం మీద పడి రొద రెట్టింపయ్యేది.  వెనకనుంచి మా ఆవిడ గొంతు ఒకేలా వస్తోంది. "అదే శబ్దం. పోనీండి. అదే శబ్దం." మధ్యమధ్యలో, "అక్కా, కళ్ళు తెరువు. నన్ను చూడు."

చప్టా మీద నీళ్ళు గోధుమరంగులో పారుతున్నాయి. మొదటి గేరులో, ఆపకుండా దాటించాను. అవతలి గట్టెక్కాక బ్రేకు ఆరబెట్టుకుందామని తొక్కాను. పెడల్ అడుగుదాకా దిగిపోయింది.

కాలి కింద ఏమీ లేదు. మెట్టు ఉందనుకుని అడుగేస్తే లేనట్టు. మళ్ళీ తొక్కాను, సగంలో ఆనింది. మూడోసారికి గట్టిపడింది. ఏం జరుగుతోందో అప్పుడు అర్థమైంది. ఊగే చక్రంతో పాటు డిస్క్ కూడా ఊగి, ప్యాడ్లను వెనక్కి నెట్టేస్తోంది. ప్రతిసారీ మొదటి తొక్కు దండగ. బ్రేకు కావాలంటే ముందే రెండుమూడు సార్లు తొక్కి ఉంచుకోవాలి. ఇది నా బుర్రకు ఎక్కింది గాని కాలికి ఎక్కడానికి కొంత సమయం పట్టింది. నాకు చెమట ఏరులా కారింది. అద్దాలు మూసి ఉన్నాయి, బయట వాన.

"శబ్దం మారింది" అంది మా ఆవిడ. "రొదలో టకటకమంటా ఉండాది."

 అంతలో ఎదురుగా ఐసుపెట్టెల రొయ్యల బండి వస్తోంది. అక్కడ రోడ్డు సన్నం, రెండువైపులా గుంటలు. దాని డ్రైవరు లైట్లు వేశాడు. నేను తొక్కాను, దిగిపోయింది. తొక్కాను, తొక్కాను. గేరు మొదటిదానికి లాగాను. బండి మూలిగింది. హ్యాండ్ బ్రేకు పైకి లాగాను, వెనక చక్రాలు బురదలో ఈడ్చుకుంటూ పోయాయి. ఆగాం. గట్టు అంచున గడ్డి మా అద్దానికి తగులుతోంది. దాని కింద గుంట. రొయ్యల బండి మా ముందు చేయి చాపితే అందేంత దూరంలో ఆగింది.

డ్రైవరు తల బయటపెట్టి తిట్టబోయాడు. పక్కింటాయన దిగి రెండు చేతులూ జోడించాడు. వాడు వెనకసీటు చూసి నోరు మూసుకున్నాడు. "నా బండిలోకి ఎక్కిస్తారా?" అన్నాడు. వాడి బండి తిప్పుకోవడానికి చోటు లేదు. మా ఆవిడ, "అక్కని కదిలించకూడదు. ఊరు కనపడతానే ఉండాది. నువ్వు దారియ్యి చాలు" అంది. అంత పెద్ద బండిని ఆ వానలో వాడు వెనక్కి, వెడల్పు వచ్చేదాకా, మెల్లగా నడుపుకుంటూ పోయాడు. మేము దాటేటప్పుడు చెయ్యెత్తాడు.

అల్లూరు ఆసుపత్రి గేటులోకి తిరిగినప్పుడు బ్రేకు కోసం చూడలేదు. ఇంజను కట్టేసి, మెట్ల ముందున్న ఇసక కుప్పలోకి పోనిచ్చాను. అదే ఆపింది. లోపలినుంచి స్ట్రెచరు వచ్చింది. వాళ్ళు అక్క నెత్తురు కొంచెం చిన్న గాజు గొట్టంలో తీసి పక్కన పెట్టారు. గడ్డ కడుతుందేమోనని డాక్టరమ్మ మాటిమాటికీ వంచి చూసింది. గడ్డ కట్టలేదు, నీళ్ళలా ఇటూ అటూ కదిలింది. వెంటనే మందు ఎక్కించడం మొదలుపెట్టారు. "తొందరగానే తెచ్చారు" అంది ఆమె. ఆ మాట విన్నాక బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. 

బండి ఇసకలో ముక్కుపెట్టి ఉంది. ఎడమ చక్రం పైన లోపలికి వాలి, కింద బయటికి నెట్టుకొచ్చి వంకరగా నిలబడింది. కాలిన గ్రీజు వాసన. చేయి దగ్గరకు పెడితే సెగ తగులుతోంది. వానచుక్కలు దాని మీద పడి చుయ్యిమంటున్నాయి. మా ఆవిడ వచ్చి పక్కన నిలబడి చూసింది.  ఆమె నా చొక్కా అంచు పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

అక్కకు ప్రాణం దక్కింది. మూత్రపిండాలు దెబ్బతిన్నాయని నెల్లూరు పంపారు. అక్కడ చాలా రోజులు ఉండి, వాచిన కాలుతో, చిక్కిపోయి ఇంటికొచ్చింది. చూడటానికి వెళ్తే మంచం మీదే లేచి కూర్చుంది.

"తమ్ముడా, దావలో నాకేం గుర్తులేదు. ఆ చప్పుడొకటే గుర్తు. చచ్చిపోయినానేమో అనుకునేదాన్ని, మళ్ళా ఆ చప్పుడు వినపడేది. ఓహో, బండి పోతానే ఉండాదిలే అనుకునేదాన్ని" అంది.

మేమందరం చావు గుర్తుగా విన్న రొద ఆమెకు అలా వినపడింది. 

బండిని లారీ మీద ఎక్కించి పాకకు చేర్చాక బేరింగు వచ్చింది. పాతదాన్ని నొక్కి తీయించడానికి, అది కూర్చునే హబ్‌ను కావలిలో లేతు షాపుకు తీసుకెళ్తే, బేరింగు ప్రెస్ కిందికి వెళ్ళకముందే చేతిలోకి ఊడొచ్చింది. గుండ్లు గుంటలు పడి, ఎర్రటి బురద పూసుకుని దొర్లాయి. గ్రీజు అన్నది లేదు. కొత్తది బిగించి పాకలో చక్రం తిప్పితే శబ్దమే లేదు. సంతోషం కలగాలి. నాకు మళ్ళీ అదే అనుమానం వచ్చింది, శబ్దం లేదా, నాకు వినపడడం లేదా అని. మా ఆవిడను పిలిచి వినిపించాను. "ఏం లేదు. మెత్తగా ఉండాది" అంది. అయినా నా ముఖం చూసి, "రేపు సెలవు పెడతా. నెల్లూరు పోదాం" అంది.

ఎందుకంటే గట్టు మీద ఆ సాయంత్రం వేలితో చెవి మూసుకున్నప్పుడు లోపల మిగిలిన సన్నటి రొద ఒకటుందని ఆమె మరిచిపోలేదు. అది చక్రానిది కాదు.

చెవి డాక్టరు దగ్గర ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. గోడలకు దళసరి గుడ్డ. శబ్దం వినపడ్డప్పుడల్లా బొత్తాం నొక్కమన్నారు. తలుపు మూశాక అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ ఎరగను. చక్రం ఊగుతుండగా వాన దారిలో తోలినప్పటి కంటే ఆ కుర్చీలో నాకు ఎక్కువ భయమేసింది. సన్నగా ఏదో వచ్చినట్టు ఉంటుంది, నొక్కాలా వద్దా? నిజంగా వచ్చిందా, రావాలని నేను అనుకుంటున్నానా? గాజు అవతల మా ఆవిడ కూర్చుని, నా ముఖం చూడకుండా తన చేతులు చూసుకుంటోంది.

కుడి చెవి బాగానే ఉందని, సన్నటి పై శబ్దాల్లో మాత్రం కొంచెం తగ్గిందని డాక్టరు చెప్పారు. గట్టిగా మూసుకుంటే లోపల రొద చాలామందికి వినపడుతుందట. "ఇది కూడా పోతుందా?" అని అడిగాను. "ఇప్పుడే చెప్పలేం. ఏటా ఒకసారి వచ్చి చూపించుకోండి. మోతల దగ్గర ఎక్కువసేపు ఉండకండి" అన్నారు.

తిరిగి వస్తుంటే బండి మెత్తగా పోతోంది. మా ఆవిడ నా చేతి మీద తట్టి, "ఈ బండి అమ్మేద్దామా?" అని అడిగింది.  అది అడిగి చాలాకాలమైంది. ఇంకా అమ్మలేదు. వానలు మొదలైనప్పుడల్లా ఇద్దరిలో ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతాం, రెండోవాళ్ళం వాన తగ్గాక చూద్దామంటాం.